రోడ్డు దాటితే గంట

రాడ్‌ఫర్డ్‌కి నేను మేనత్త వరస. వయసులో అతనికంటే మూడేళ్ళే పెద్ద. అయినా మా హోపీ తెగలో వరసంటే వరసే. మేనల్లుణ్ణి ఏడిపించే హక్కు మేనత్తకి పుట్టుకతో వస్తుంది, నేనా హక్కుని ఒక్కరోజూ వృథా పోనివ్వలేదు.

"యాభై రెండేళ్ళొచ్చాయి, ఇంకా పెళ్ళి లేదు. గంట ఆలస్యంగా వెళ్ళుంటావు, పిల్ల చూసి చూసి లేచిపోయుంటుంది" అనేదాన్ని, రోడ్డు పక్క నా కొట్లో అతను మాంసం, మొక్కజొన్న గింజలు వేసిన పులుసు తాగుతూ కూర్చుంటే.

"పిల్లది అవతలి టైము అత్తా, నాది ఇవతలి టైము. నా తప్పేముంది?" అనేవాడు.

ఈ హాస్యం మా మొయెన్‌కోపీలోనే పండుతుంది. మా ఇళ్ళ ముందు రోడ్డు, రోడ్డుకి అవతల నవాహో తెగవాళ్ళ టూబా సిటీ. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు దాకా ఇక్కడ ఆరైతే అక్కడ ఏడు. వాళ్ళ నేల మూడు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది. మిగతా రెండూ వేసవికి గడియారం ఒక గంట ముందుకి తిప్పుతాయి కాబట్టి, అందరికీ ఒకే టైము ఉండాలని వాళ్ళూ తిప్పుతారు. వాళ్ళని నేనేమీ అనను. మా అరిజోనా మాత్రం తిప్పదు. ఎందుకు తిప్పాలి? సాయంత్రం ఇంకో గంట ఎండ కావాలని మొత్తుకునేది ఎండ చాలని దేశాలవాళ్ళు. జూన్‌లో మాకు ఈ సూర్యుడు ఎప్పుడు దిగుతాడా, గుమ్మం బయట ఎప్పుడు కూర్చుందామా అని ప్రాణం కొట్టుకుంటుంది. అప్పుడెప్పుడో ఒక్క వేసవి తిప్పి చూసి, చాలు బాబోయ్ అని మానేశారు. రాడ్‌ఫర్డ్ వాళ్ళమ్మ ఎఫీ ఆ వేసవిని ఇప్పటికీ తిడుతుంది.

"రాత్రి భోజనాల వేళ కూడా ఎండే! పిల్లలు పడుకుంటేనా? అది అబద్ధపు టైమని గాడిదలకి కూడా తెలిసింది. సూర్యుడికి టైము చెప్పడానికి వీళ్ళెవరే?"

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఎఫీకి కిడ్నీలు పాడై ఆరేళ్ళయింది. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆ సెంటరు రోడ్డు అవతల ఉంది. అక్కడ పన్నెండు కుర్చీలు, వాటికోసం కాచుకుని ముప్పై మంది. ఏడాదిలో మూడుసార్లు ఆలస్యమైతే కుర్చీ వేరేవాళ్ళకి పోతుంది. ఆ తర్వాత ఎనభై మైళ్ళ దూరంలోని ఫ్లాగ్‌స్టాఫే గతి. ఎఫీ కుర్చీ వాళ్ళ ఆరున్నరకి, అంటే గడియారం తిప్పిన నెలల్లో మా ఐదున్నరకి. ఆమెని అక్కడ దింపి, ఆ నాలుగు గంటల్లో రాడ్‌ఫర్డ్ చేలో పని చూసుకుంటాడు. తర్వాత ఆమెని ఇంటికి చేర్చి, మళ్ళీ రోడ్డు దాటి టైర్ల షాపులో పనికి పోతాడు. చేను ఎఫీది. అంతకుముందు వాళ్ళమ్మది, ఆమె అమ్మది. మాలో నేల ఆడవాళ్ళది, నడుం వంచడం మగవాళ్ళ వంతు. దగ్గర్లో ఆ కుర్చీ ఉన్నంతకాలమే ఆ చేనూ ఉంటుందని అతనికి తెలుసు.

అవతలి ఊరి టైముకి ఒక అలారం గడియారం పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టాడు. ఎఫీ దాన్ని మా టైముకి తిప్పేసింది.

"నా ఇంట్లో నా సూర్యుడే ఉదయిస్తాడు" అంది.

ఇక ఫోనే దిక్కయింది. ఫోనుకి ఏ టవరు అందితే ఆ టైము చూపిస్తుంది. ఒకే ఇంట్లో, ముందు గదిలో ఏడు, వంటింట్లో ఆరు. లోపలికెళ్ళి ఏదో నొక్కితే ఒకే టైము నిలబడుతుందట, అది మా ఇద్దరికీ చేతకాలేదు. అందుకని అతను ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ఫోను రాత్రంతా ముందు గదిలో, అవతలి ఊరివైపు కిటికీ గట్టు మీద ఉండాలి. అక్కడ ఆ ఊరి టవరు తప్ప ఇంకోటి అందదు. రెండేళ్ళు అలాగే గడిచింది. ఆ రెండో ఏడు మాత్రం ఒకసారి రోడ్డు మీదికి ఇసుక కొట్టుకొచ్చి, ఒకసారి బండి మొరాయించి, రెండు ఆలస్యాలు పడ్డాయి. ఏడాది నిండేలోపు ఇంకొక్కటి పడితే అంతే.

ఈ మార్చిలో గడియారాలు తిరిగిన వారానికి, ఒక బుధవారం, అలారం ఎప్పటిలాగే ఐదుంపావుకి మోగింది. అతను లేచాడు, వాళ్ళమ్మని లేపాడు, కాఫీ పట్టించాడు, దుప్పటి చుట్టి బండెక్కించాడు. బండి రోడ్డెక్కేసరికి తూర్పు తెల్లగా విచ్చుకుంటోంది. గడియారాలు తిరిగినప్పటినుంచి వాళ్ళు కుర్చీ దగ్గరికి చేరేది చీకట్లోనే.

"తెల్లారిపోతోంది కదరా" అంది ఎఫీ.

అతను బండి వేగం పెంచాడు.

సెంటర్లో నర్సు లారిండా మంచిదే. ఎఫీకి చెల్లెలి కూతురిలా మసలేది. గడియారం చూసి, కాగితం చూసి, వాళ్ళ మొహాలు చూడలేకపోయింది.

"పెద్దమ్మా, ఇవాళ్టికి కూర్చోబెడతాను. వచ్చే వారం నుంచి నా చేతుల్లో లేదు" అంది.

ఆ మధ్యాహ్నం అతను నా కొట్టుకి వచ్చి, పొద్దున ఆలస్యమైందని చెప్పి, పులుసు ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"పెళ్ళివారింటికి కూడా ఇలాగే..." అని మొదలుపెట్టబోయాను.

"ఫోను అమ్మ తీసింది అత్తా" అన్నాడు. "కిటికీ గట్టు మీద సాయంత్రం ఎండ బాగా పడుతుంది కదా. విత్తనాలు మొలుస్తాయో లేదో చూద్దామని, తడిగుడ్డలో కట్టి అక్కడ పెట్టింది. అడ్డంగా ఉందని ఫోను తీసి వంటింట్లో పెట్టింది. తలుపు తీసే ఉంది, అలారం వినపడింది. కానీ అది మన టైముకి మోగింది."

"ఆమెకి చెప్పావా?"

"ఎలా చెప్పను? తన చేత్తోనే కుర్చీ పోగొట్టుకున్నానని తెలిస్తే, ఇక మందులు కూడా మింగదు. నిద్ర పట్టేసిందని చెప్పాను."

ఏడిపించడానికి పుట్టిన నోరు నాది. ఆ పూట నాకే ఏడుపొచ్చింది.

ఇప్పుడు వారానికి మూడు రోజులు తెల్లవారకముందే నాలుగింటికి బయల్దేరి ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్తున్నారు. అక్కడిదీ మా టైమే. ఇన్నేళ్ళకి వాళ్ళ ఇంటికీ కుర్చీకీ ఒకే గంట కుదిరింది. అతను ఆ నాలుగు గంటలూ బండిలో, స్టీరింగు మీద తలపెట్టుకుని కూర్చుంటాడు. ఈ ఏడు సగం చేనే వేస్తాడట. టైర్ల షాపువాడు ఇంకెన్నాళ్ళు ఊరుకుంటాడో తెలియదు.

మొన్న చూడ్డానికి వెళ్తే, ఎఫీ మంచం మీద కూర్చుని అతన్ని దులిపేస్తోంది.

"రా, నువ్వైనా వీడికి గడ్డి పెట్టు. వీడి మొద్దునిద్రకి నా కుర్చీ పోయింది, నా చేను పడావు పడుతోంది. మేనత్తవి కదా, నీకు హక్కుంది. అడుగు!"

అవతలి ఊరివైపు కిటికీ గట్టు మీద తడిగుడ్డలో గింజలు ఒక్కటి తప్పకుండా మొలకెత్తాయి. ఫోను ఇప్పుడు వంటింట్లోనే ఉంటుంది. ఫ్లాగ్‌స్టాఫ్ టైముకి ఉండాల్సిందీ అక్కడే. రాడ్‌ఫర్డ్ ఆమె వెనక నిలబడి, చెప్పొద్దన్నట్టు నావైపు చూశాడు.

"వీడి సంగతి తెలియందేముంది వదినా" అన్నాను. "పెళ్ళికే గంట ఆలస్యంగా వెళ్ళిన మొద్దు!"

ఎఫీ పడీపడీ నవ్వింది. అతనూ నవ్వాడు, నవ్వుతూనే వెళ్ళి మర్నాటి ప్రయాణానికి బండి చూసుకున్నాడు.