లెక్క అడగమన్న మనిషి

మా యూనియన్‌లో లెక్కలు వినే అలవాటు లేదు, చప్పట్లు కొట్టే అలవాటు ఉంది. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పనివాళ్ల సంఘం మాది. వెల్డర్లు, వడ్రంగులు, పెయింటర్లు, సీట్లు కుట్టేవాళ్లు, నాలాగా వైరింగ్ చేసేవాళ్లు, అందరం నెలనెలా చందా కడతాం. దసరా వెళ్లాక ఒక ఆదివారం వార్షిక సమావేశం పెట్టుకుంటాం. అధ్యక్షుడి ఉపన్యాసం ముగిసేసరికి బిర్యానీ తెచ్చిన ఆటో హాలు వెనక ఆగుతుంది. సరిగ్గా అప్పుడే కోశాధికారి కాగితం పట్టుకుని మైకు దగ్గరికొస్తాడు. గొంతు సవరించుకుని "గత సంవత్సరం నిల్వ" అనగానే ఎవరో చప్పట్లు మొదలుపెడతారు, హాలంతా అందుకుంటుంది. లెక్కలు ఏకగ్రీవంగా ఆమోదించామని కార్యదర్శి ప్రకటిస్తాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కొంత ఆకలి, కొంత మొహమాటం. మన మనిషిని నిలబెట్టి లెక్క అడగడం మర్యాద కాదని మావాళ్ల అభిప్రాయం.

ఆ కోశాధికారి మా పక్క షెడ్డులోనే డ్రైవర్ సీట్లు కుడతాడు. నేను ఆయన్ని భాయ్ అంటాను, ఆయన నన్ను మేస్త్రీ అంటాడు. ఏళ్ల తరబడి ఒకే బండి మీద, ఆయన సీటు పనీ నేను లైట్ల పనీ చేసుకుంటూ వచ్చాం. ఆమధ్య వన్ టౌన్‌లో తన ఇంటి మీద ఒక గది వేసుకున్నాడు. బందరు దగ్గర వాళ్ల నాన్న తాలూకు స్థలం అమ్మితే తన వాటాకు వచ్చిన డబ్బుతో వేశానని నాతో చెప్పాడు. టీ కొట్టు దగ్గర మాత్రం దానికి 'యూనియన్ గది' అని పేరు పెట్టారు. ఆ మాట నవ్వుతూ అనేవారు కాబట్టి నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి.

సమావేశం దగ్గరపడుతుండగా ఒక మధ్యాహ్నం నేను డాష్‌బోర్డు కింద దూరి వైర్లు లాగుతుంటే భాయ్ వచ్చి నిలబడ్డాడు. ఈసారి తను లెక్కలు చదివేటప్పుడు చప్పట్లు కొట్టనివ్వద్దట. నేను లేచి నిలబడి బిల్లులు చూపించమని అడగాలట. తనను నిలదీయమని ఇంకొకణ్ణి బతిమాలే మనిషిని అంతకుముందు నేను చూడలేదు. నేనే ఎందుకన్నాను. పడనివాడు అడిగితే గొడవవుతుంది, కావలసినవాడు అడిగితే వింటారు అన్నాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. టీ కొట్టు మాట తిరిగి తిరిగి ఇంటికి చేరింది. ఆయన భార్య, ఆ గది ఎవరి డబ్బుతో వేశావని అడిగింది. ఈయన స్థలం సంగతి చెప్పాడు, కాగితం కూడా చూపించాడు. ఆవిడ కాగితం వైపు చూడలేదట. నువ్వు తినలేదని నువ్వు చెబితే చాలదు, నలుగురూ చూసి చెప్పాలి అందట. అప్పట్నుంచి ఆ కొత్త గదిలో అడుగు పెట్టలేదట.

"అందరి ముందూ అడగండి మేస్త్రీ, గట్టిగా అడగండి. చూసి, సరిపోయిందని మైకులో చెప్పండి. మా ఇంటికి ఆ ముక్క కావాలి."

సరేనన్నాను గానీ మనసు కుదుటపడలేదు. తప్పు చేసినవాడైతే చూడమని ఎందుకంటాడు? మరీ తెలివైనవాడైతే అలాగే అంటాడేమో? ఆ రెండో ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే చిరాకేసింది. మాది పెడన, మా నాన్న మగ్గం నేసేవాడు. కొనేవాళ్లు చీర తిరగేసి చూస్తే ఆయనకు కోపం వచ్చేది కాదు. అలా చూడకుండా మడతపెట్టి తీసుకెళ్తే, ఇంటికెళ్లాక ఏమంటారో అని బెంగపడేవాడు. భాయ్ బెంగ కూడా అలాంటిదే కాబోలని సర్దిచెప్పుకున్నాను.

ఆ ఆదివారం భాయ్ బిల్లుల సంచి భుజాన వేసుకుని వచ్చాడు. "గత సంవత్సరం నిల్వ" అనగానే నేను లేచాను. ఒక్క నిమిషం ఆగండి, ఈసారి బిల్లులు కూడా చూద్దాం అన్నాను. మరుక్షణం అన్ని వైపుల నుంచీ కేకలు. భాయ్ మీద అనుమానమా, ఇన్నేళ్ల స్నేహం ఇదేనా అని నన్ను వాయించేశారు. ఆ గదికి పేరు పెట్టిన పెయింటరే అందరికంటే గట్టిగా అరిచాడు. ఆయనే అడగమన్నాడని చెబుదామంటే, ఇద్దరూ కలిసి నాటకం ఆడుతున్నారంటారు. చెప్పకపోతే నేను స్నేహితుణ్ణి బజారుకీడ్చినవాణ్ణి. భాయ్ సంచి బల్ల మీద పెట్టి, చూడనివ్వండి, చూడనివ్వండి అంటున్నాడు. ఆయన మాట ఎవరికీ వినపడలేదు. వినపడినవాళ్లు అది ఆయన మంచితనం అనుకున్నారు.

కార్యదర్శి మైకు అందుకున్నాడు. "మేస్త్రీ గారూ, భాయ్ మీద మీకు నమ్మకం ఉందా, లేదా? అది చెప్పండి చాలు."

ఉందన్నాను.

అలా కాక ఏమనాల్సిందో నాకు ఇప్పటికీ తెలియదు. లేదనలేను. నమ్మకం సంగతి కాదు, బిల్లుల సంగతి అందామంటే ఆ హడావిడిలో నాకు ఆ మాటే తోచలేదు. నేను ఉందనడమే తడవుగా, మా సంఘంలో ఎన్నడూ లేనంతగా చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథికి వేసిన దండ తీసి భాయ్ మెడలో వేశారు. మళ్లీ ఆయన్నే కోశాధికారిగా ఎన్నుకున్నారు. పెయింటర్ అయితే కళ్లు తుడుచుకున్నాడు, నిజంగానే ఏడ్చాడనుకుంటాను. సంచికి కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

అందరూ భోజనాలకు వెళ్లాక భాయ్ ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మైకు వాడు వైర్లు చుట్టుకుంటున్నాడు. దగ్గరికెళ్లి, సంచి విప్పండి, ఇప్పుడు కూర్చుని చూసేద్దాం అన్నాను. మీరొక్కరే చూస్తే నలుగురు చూసినట్టు ఎలా అవుతుంది అన్నాడు. అందులో కోపం లేదు, అందుకే నాకు మరింత కష్టంగా అనిపించింది. ఏదో ఒకటి చెయ్యాలని, పదండి, మీ ఇంటికి నేనే వస్తాను, మీ మీద నాకు పూర్తి నమ్మకం ఉందని మీ ఆవిడకు నేనే చెబుతాను అన్నాను.

భాయ్ దండ తీసి సంచి మీద పెట్టాడు.

"మీకు నమ్మకం ఉందని మా ఆవిడకి తెలుసు మేస్త్రీ. లేనిది ఆవిడకే."