రెండో పెట్టెలోని బొమ్మలు

వడ్ల ముత్యం చేతికి ఏ వస్తువిచ్చినా ముందు తిరగేసి చూసేవాడు. ఈ అలవాటు అతనికి బొంబాయిలో అబ్బింది. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి దుబాయ్ పోతున్నానని బయలుదేరిన మనిషి చేతిలో ఏజెంటొకడు వీసా అని ఒక కాగితం పెట్టి మాయమయ్యాడు. అది వీసా కాదని విమానాశ్రయంలో తెలిసింది. ఇంటికి తిరిగి వెళ్లే ముఖం లేక, ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పది నెలలు పనిచేసి, రెండోసారి సరైన కాగితంతో కతార్ చేరాడు. ఊళ్లో ఉన్న భార్య గౌరవ్వకు అది కూడా దుబాయే.

అది డెబ్బై ఆరో సంవత్సరం. చమురు ధర పెరిగి దోహాలో నెలకో కొత్త వీధి పుట్టుకొస్తున్న రోజులు. ముత్యం వడ్రంగిగా పనిచేసే కట్టడాల కంపెనీ కూడా సముద్రం వైపు మూడంతస్తుల ఆఫీసు కట్టుకుంది. యజమానిని అందరూ అర్బాబ్ అనేవారు. ఆయన కుర్రతనంలో రెండేళ్లు ఇంగ్లండులో ఉన్నాడు. తన ఆఫీసు వరండాల నిండా ఆ దేశపు పాత బొమ్మలు ఉండాలని ఆయన కోరిక. సరిగ్గా అప్పుడే, చమురు కంపెనీలో ఇరవై ఏళ్లు పనిచేసిన ఒక ఇంగ్లీషు దొర ఉద్యోగం వదిలి స్వదేశం వెళ్తూ తన దగ్గరున్న అరవై బొమ్మలు అమ్మకానికి పెట్టాడు. అర్బాబ్ వాళ్లింటికి వెళ్లి అన్నీ చూసి కొన్నాడు. ఉప్పుగాలికి వాటి ఫ్రేములు వంకరపోయాయి. కొత్తగా టేకు ఫ్రేములు కట్టే పని ముత్యానికి వచ్చింది.

బొమ్మలు రెండు పెట్టెల్లో రావాలి. మొదటి పెట్టె విప్పిన రోజు ముత్యం మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. లండన్ కోట బురుజులు, పెద్ద గుమ్మటం ఉన్న గుడి, నది మీద రాతి వంతెన, విండ్సర్ కోట. వాటి తర్వాత నది ఒడ్డున ఒక బడి. పొడుగు టోపీలు పెట్టుకున్న పిల్లలు వరసగా నిలబడ్డారు. గడ్డి మీద కూర్చున్న పంతులు ఎటో చూస్తున్నాడు. కొన్ని రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసినవి, కొన్ని ఫోటోలు. అచ్చు బొమ్మల చుట్టూ రేకు నొక్కుకుపోయిన గాడి వేలికి తగిలేది. వెనక చెక్క తీస్తే కాగితం మీద ఆ చెక్క రేఖలే గోధుమరంగులో దిగి ఉండేవి. చెక్కలో ముడి ఉన్నచోట కాగితం మీద గుండ్రటి మచ్చ. చెక్కా కాగితమూ డెబ్బై ఎనభై ఏళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే తప్ప అలాంటి మరక పడదని ముత్యానికి తెలుసు. ఆ పాత చెక్కలను పారేయబుద్ధి కాక, ఏది ఏ బొమ్మదో గుర్తుపెట్టి గోడవారన పేర్చాడు.

అది బడేనా అని అతను అడిగింది కామేశ్వరరావును. కాకినాడ మనిషి, బీకాం చదివాడు, కంపెనీకి సరుకు కొనే బాధ్యత ఆయనది. అవును బడే, రాజుల పిల్లలు చదివేది, నీకెందుకు, తొందరగా కానివ్వు అన్నాడాయన. చెడ్డవాడు కాదు గానీ పనివాళ్లతో నిలబడి మాట్లాడే ఓపిక ఆయనకు ఉండేది కాదు.

పది రోజులకు రెండో పెట్టె వచ్చింది. మూత మీద అంటించిన కాగితం మీద, సరుకు చూసి తీసుకున్నట్టు కామేశ్వరరావు సంతకం ఉంది. పైనున్న బొమ్మలో సన్నటి పడవ, ఒకేసారి ఎత్తిన ఎనిమిది తెడ్లు, ఒడ్డున ఆ బడి పిల్లలే. ముత్యం దాన్ని తీసి ఫ్రేము విప్పాడు. వేలు చుట్టూ తిప్పాడు. గాడి తగల్లేదు. వెనక చెక్క తీశాడు. అది తెల్లగా, నిన్నగాక మొన్న కోసినట్టుంది. కాగితం మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే రంగులో పండిపోయింది. చెక్క రేఖలు లేవు, ముడి మచ్చ లేదు. అంచుకు తడి గుడ్డ ఆనించి వాసన చూశాడు. చాయ్ వాసన. పాతదిగా కనపడాలని కాగితాన్ని చాయ్ నీళ్లలో ముంచారు.

ముప్పై బొమ్మలూ విప్పేసరికి రెండు రోజులు పట్టింది. ముప్పైకి ముప్పై అంతే.

ఫోర్‌మన్ నిసార్ అహ్మద్‌కు చెప్పాలా వద్దా అని ముత్యం చాలా ఆలోచించాడు. నిసార్ అహ్మద్ కరాచీవాడు, న్యాయంగానే ఉంటాడు, కానీ అర్బాబ్ పేరు వింటే వణుకుతాడు. బొమ్మలు ఎవరి చేతిలో ఉన్నప్పుడు నకిలీవని తేలితే మొదట వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. పైగా పెట్టె మీద సంతకం కామేశ్వరరావుది. అంటే ఆయనకు తెలిసే జరిగిందా? దొరా ఆయనా కలిసి అసలువి ఎక్కడికైనా తరలించారా? చివరికి ఎవరికీ చెప్పకుండానే ఫ్రేములు కట్టసాగాడు. ఆ రోజు నుంచి కామేశ్వరరావు వడ్రంగి షాపులోకి వచ్చిన ప్రతిసారీ ముత్యం చేస్తున్న పని ఆపి ఆయన చేతుల్నే చూసేవాడు. ఆయన ఒక బొమ్మ ఎత్తి చూస్తే, ఎందుకు దాన్నే ఎత్తాడని అనుమానం. చూడకుండా వెళ్లిపోతే, ఎందుకు చూడలేదని అనుమానం. మొదటి పెట్టె బొమ్మల్ని కూడా రేపు ఎవరైనా మార్చేస్తారేమోనని ఒక్కొక్కదాని వెనక మూలన పెన్సిలుతో కనపడీ కనపడని గీత పెట్టాడు.

ఇంతలో కామేశ్వరరావు ఇంట్లో బీరువా తలుపు ఊడిందని ముత్యాన్ని పంపించారు. అల్ దోహా అల్ జదీదా పేటలో దుకాణాల పైన రెండు గదుల ఇల్లు. ఆయన భార్య సీతాలక్ష్మి తలుపు తీసింది. లోపల అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద పడవ, ఎనిమిది తెడ్లు, ఒడ్డున పొడుగు టోపీల పిల్లలు. ఆ బొమ్మ నకలే షాపులో తన బల్ల మీద ఉంది. పొద్దున దానికే అద్దం కోసి వచ్చాడు.

బీరువా పని అయిపోయాక, ఆ బొమ్మ మేకు వదులైందమ్మా, బిగిస్తానని కిందికి దించాడు. తిప్పి చూశాడు. వెనక చెక్క ఒక మూల లేచి ఉంది. ఆ సందులోంచి కాగితం మీద చెక్క రేఖలు స్పష్టంగా కనిపించాయి.

"ఏమయ్యా, ఆ బొమ్మని అలా తడుముతున్నావేంటి?" అంది సీతాలక్ష్మి, చాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే.

"ఏం లేదమ్మా. మంచి బొమ్మ. ఏడికెల్లి దెచ్చిన్రు?"

దొరగారు వెళ్లిపోతూ జ్ఞాపకంగా ఇచ్చారని ఆమె చెప్పింది. చెప్పాక అతని ముఖం చూసి, అడిగినందుకు కాకుండా అడిగిన తీరుకు ఆమెకు అనుమానం వచ్చింది. అతను వెళ్లేదాకా గుమ్మంలోనే నిలబడింది. సాయంత్రం భర్తతో, ఆ వడ్రంగి చూపు బాగాలేదు, వస్తువుల మీద కన్నేసినట్టున్నాడు అని చెప్పింది.

నాలుగు రోజుల తర్వాత పిడుగు పడింది. ఆఫీసు చూడ్డానికి వచ్చిన ఒక ఇంగ్లీషు ఆర్కిటెక్టు వరండాలో నిలబడి, కింది అంతస్తువి అసలైనవి, పై అంతస్తువి ఈమధ్య అచ్చేసిన నకళ్లు అని అర్బాబ్ ముందే అనేశాడు. అర్బాబ్ కామేశ్వరరావు వైపు తిరిగాడు. కామేశ్వరరావు నోట వెంటనే వచ్చిన మాట, గోడకెక్కే దాకా అవి వడ్రంగి దగ్గరే ఉన్నాయని. భార్య చెప్పిన మాట కూడా కలిపాడు.

గంటలో షాపుకు తాళం పడింది. క్యాంపులో ముత్యం ట్రంకుపెట్టె బయట ఇసుకలో బోర్లించారు. గౌరవ్వ రాయించిన ఉత్తరాలు, రెండు లుంగీలు, ఒక కొత్త చీర. వెతికేవాళ్లకు కావలసింది ఏదీ దొరకలేదు. అయినా అన్నం దగ్గర ఇన్నాళ్లూ పక్కన కూర్చున్న పోశన్న ఆ రోజు పళ్లెం పట్టుకుని అవతలికి జరిగాడు. ముత్యానికి తాళం కంటే ఆ జరగడమే ఎక్కువ బాధ కలిగించింది.

మర్నాడు అర్బాబ్ ముందుకు పిలిపించే ముందు, మెట్ల దగ్గర కామేశ్వరరావు ఒంటరిగా ఎదురయ్యాడు. ముత్యం దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"సారు, గా రెండో పెట్టె మీరు ఇప్పి చూసిన్రా?"

ఆయన పక్కనుంచి మెట్లెక్కబోయాడు. ముత్యం జరగలేదు.

"నా దగ్గర పాత చెక్కలున్నయి. మొదటి పెట్టె బొమ్మలకు ఒక్కొక్క చెక్క ఒక్కొక్క మరక అతుకుతది. రెండో పెట్టెల చెక్కలు కొత్తయి. పెట్టె వచ్చినప్పుడే నకళ్లు వచ్చినయి. నేను సూపిస్త, బయటపడ్త. గని మీ ఇంట్ల గోడకున్నది అసలుది. గది నేను జెప్ప. మీరే జెప్పున్రి."

నాకు తెలియదని కామేశ్వరరావు ఒకే ఒక్క మాట అన్నాడు. ముత్యం నమ్మలేదు.

లోపల ముత్యం చెక్కల్ని నేల మీద పరిచాడు. విండ్సర్ కోట బొమ్మను ఫ్రేములోంచి తీసి బోర్లించి, దాని చెక్కను మీద పెట్టి చూపించాడు. ముడి మీద మచ్చ, రేఖ మీద రేఖ కలిసిపోయాయి. తర్వాత ఇంకోటి, ఇంకోటి. నిసార్ అహ్మద్ అరబ్బీలో చెప్తున్నాడు. ఆరో బొమ్మ దగ్గర అర్బాబ్ తనే కిందికి వంగి గాడి మీద వేలు పెట్టాడు. రెండో పెట్టె చెక్కలు తెప్పించి చూశాక ఇక చెప్పాల్సింది మిగల్లేదు. దొరను పిలవమన్నాడు. దొర ఎక్కిన విమానం వెళ్లి అప్పటికి వారం.

అప్పుడు కామేశ్వరరావు ముందుకొచ్చి, ఒక అరగంట సెలవివ్వమని అడిగి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు చంకలో పాత దుప్పటిలో చుట్టిన పడవ బొమ్మ ఉంది. దాన్ని అర్బాబ్ బల్ల మీద పెట్టి, దొర ఇది బహుమతిగా ఇస్తే తీసుకున్నాననీ, ఆ మొహమాటంతోనే పెట్టె విప్పి చూడకుండా సంతకం పెట్టాననీ, తప్పు తనదేననీ, వడ్రంగిది కాదనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన చేతులు బల్ల అంచును వదల్లేదు.

అర్బాబ్ ఆయన్ని పనిలోంచి తీసెయ్యలేదు. దుఖాన్ వైపు ఎడారి సైటులో సరుకుల గోదాముకు మార్చాడు. ముత్యానికి షాపు తాళంచెవి ఇచ్చాడు. ఇకమీదట కంపెనీకి వచ్చే కలప సామాను అతను చూసి సరేనంటేనే లోపలికి రావాలన్నాడు. నకళ్లను మాత్రం దించలేదు. గోడ ఖాళీగా ఉంటే మరీ బాగుండదన్నాడట.

పోశన్న మళ్లీ పక్కన వచ్చి కూర్చున్నాడు. ముత్యం జరిగి చోటిచ్చాడు గానీ ఆ మునుపటి కబుర్లు చాలాకాలం రాలేదు. సంవత్సరం దాకా అతనికి ఒకటే సందేహం. రావు సారు నిజంగా తెలియకనే సంతకం పెట్టాడా, లేక తాను మెట్ల దగ్గర చెప్పకపోతే ఆ బొమ్మ అలాగే గోడ మీద ఉండేదా?

తర్వాతి శీతాకాలంలో ఒక శుక్రవారం కూరగాయల అంగడిలో సీతాలక్ష్మి కనిపించింది. తప్పించుకుపోదామనుకున్నాడు. ఆమే వచ్చి పలకరించింది. భర్త వారానికోసారి మాత్రమే ఇంటికొస్తున్నాడని చెప్పింది. ఆ రోజు అతని మీద చెప్పిన మాటకు తనకు ఇప్పటికీ సిగ్గుగా ఉందంది.

"నువ్వు ఇంకా ఆయన్ని అనుమానిస్తున్నావని నాకు తెలుసు బాబూ. ఒక్కటి ఆలోచించు. తెలిసి దాచుకున్నవాళ్లం అయితే గుమ్మానికి ఎదురుగా తగిలిస్తామా? పైగా నిన్నే ఇంటికి పిలిపించి బీరువా బాగుచేయించుకుంటామా?"

ఆమె సంచీలు బరువుగా ఉన్నాయి. ముత్యం రెండూ తీసుకుని బస్సు ఆగేచోటి దాకా మోసుకొచ్చాడు. దారిలో ఇద్దరూ వంకాయల ధర తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆ మరుసటి వారం దుఖాన్ వెళ్లే లారీ డ్రైవరుతో, గోదాములో తలుపులు కిటికీలు ఏవైనా చెడిపోయి ఉంటే రావు సారును అడిగి రమ్మన్నాడు, తాను సెలవు రోజున వచ్చి చేసిపెడతానని. డ్రైవరు మూడు రోజులకు తిరిగొచ్చి, సారు ఒక కిటికీ ఉందన్నాడని చెప్పాడు. ముత్యం శుక్రవారం పొద్దున్నే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఆ లారీ ఎక్కాడు.