బక్కాయన చేసిన తలుపులు

పంతొమ్మిదేళ్ళు అద్దె ఇళ్ళలో కాపురం చేసిన వడ్రంగికీ అతని భార్యకీ ఒక్క విషయంలో మాత్రం ఎప్పుడూ పేచీ రాలేదు. ఎప్పటికైనా కట్టి ఉన్న ఇల్లే కొనుక్కోవాలి తప్ప కట్టుకునే పని పెట్టుకోకూడదు. ఆ మాట మొదట అన్నది అతనే. ఇల్లు కట్టుకునేవాళ్ళని రోజూ చూస్తున్నాననీ, పునాది తీసేటప్పుడు నవ్వు మొహంతో ఉంటారనీ, పైకప్పు పడేసరికి పలకరిస్తే కరుస్తారనీ చెప్పేవాడు. భార్య సరేనంది. ఆమెది కుట్టుపని. మిషను పెట్టుకునే చోట కాస్త వెలుతురు పడితే చాలు, ఆ కిటికీ ఎవరు పెట్టించిందైతే ఆమెకేం?

అందుకే రెండు వీధుల అవతల రిటైరైన నర్సమ్మ ఇల్లు అమ్మకానికి వచ్చిందని తెలియగానే ఇద్దరూ ఆ సాయంత్రమే వెళ్ళారు. నర్సమ్మ చెల్లెలి దగ్గరకి వెళ్ళిపోతోంది. మూడు గదులు, వెనక వరండా, వీళ్ళ చేతికి అందే ధర. భార్య ముందుగదిలో కిటికీ తెరిచి, ఆ వెలుగులో చీర అంచు పట్టుకుని దారం రంగు చూసింది. అంతే, ఆమె ఇల్లు చూడటం అయిపోయింది. మిగతా రెండు గదులూ మర్యాద కోసం చూసింది.

వడ్రంగి మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తలుపు నెట్టాడు, చప్పుడు లేదు. సగంలో వదిలేశాడు, వదిలిన చోటే నిలబడింది. మూల అతుకు మీద గోరు పెట్టి లాగాడు, గోరు ఎక్కడా తగల్లేదు. ఇది ఎవరి పనో అడగక్కర్లేదు. అయినా అడిగాడు, పుండు మీద తనే వేలు పెట్టుకునే మనిషిలా. బక్కాయన చేశాడనీ, ఇరవై రెండేళ్ళలో ఒక్క వానాకాలం కూడా తలుపు బిగుసుకోలేదనీ నర్సమ్మ మురిసిపోతూ చెప్పింది.

తిరిగి వచ్చే దారిలోనే "మనం కట్టుకుందాం" అన్నాడు. భార్య అతని మొహంలోకి చూసి, ఎండ దెబ్బ ఏమైనా తగిలిందేమో అనుకుంది.

ఈ బక్కాయన సంగతి చెప్పాలి. అతనూ వడ్రంగీ ఒకే కొట్లో పని నేర్చుకున్నారు. నేర్పింది వడ్రంగి తండ్రి. బక్కాయన రెండేళ్ళు పెద్ద. అప్పట్లో ఈనుపుల్లలా ఉండేవాడు. ఇప్పుడు పొట్ట మీద చొక్కా గుండీలు పట్టకపోయినా పేరు మాత్రం బక్కగానే ఉండిపోయింది. రోజూ పని ఆపే ముందు తండ్రి ఇద్దరి చెక్కల మీదా అరచెయ్యి పోనిచ్చి చూసేవాడు. కొడుకు చెక్క మీద ఆ చెయ్యి మూడు చోట్ల ఆగేది, ఆగిన ప్రతిచోటా ఒక మాట పడేది. బక్కాయన చెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళిపోయేది, ఒక్క మాటా ఉండేది కాదు. ఆ మాట లేకపోవడం చూసి కొడుకు ఎంత కుళ్ళుకున్నాడో కొట్లో ఎవరికీ తెలియదు. తండ్రి పోయి పదేళ్ళయింది, ఆ ఏడుపు మాత్రం నిక్షేపంగా ఉంది. బక్కాయనకి పెద్ద పని దొరికిందంటే ఇతనికి అన్నం సహించదు. బక్కాయనకి జ్వరమంటే పైకి అయ్యో పాపం అంటాడు, ఆ పూట చేతిలో చిత్రిక కాస్త హుషారుగా నడుస్తుంది. చెడ్డవాడు కాదు. ఒక్క మనిషి విషయంలోనే చెడ్డవాడు.

పదిహేను రోజులు ఆ ఇంటికి వంకలు వెతికాడు. వీధి ఇరుకన్నాడు. భార్య వెళ్ళి తోపుడుబండి రెండువైపులా తిరగడం చూసి వచ్చింది. గోడ నెర్రె విచ్చిందన్నాడు. అది సున్నం పెచ్చు మాత్రమేనని నర్సమ్మ గీకి చూపించింది. ఊరి చివర స్థలం కొని మనకి నచ్చినట్టు కట్టుకుందామంటే, మనకి నచ్చిన ఇల్లు కట్టి ఉండగా మళ్ళీ కట్టడం దేనికని భార్య అడిగింది. దానికి అతని దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు. ఉన్న జవాబు చెప్పుకోదగ్గది కాదు.

చివరికి ఒక పొద్దున, ఆమె మిషను తొక్కుతుంటే, అటు తిరిగి చొక్కా వేసుకుంటూ అనేశాడు.

"ఆ గుమ్మాలకి చెద పట్టింది. పైకి కనబడదు. నేను తట్టి చూశాను, లోపలంతా డొల్ల."

మిషను ఆగింది. కర్ర విషయంలో ఆమెకి అతని మాటంటే మాటే. చుట్టుపక్కల ఎవరు మంచం కొన్నా, బల్ల కొన్నా, "మా ఆయన్ని అడిగి చెప్తా" అనడం ఆమెకి అలవాటు, కాస్త గొప్ప కూడా. అందుకని వాదించలేదు.

"మీరు చెప్పాక ఇంకేముంది," అంది. ఆ కిటికీ కోసమని అప్పుడే కొన్న పరదా గుడ్డ మడిచి పెట్టె అడుగున పెట్టేసింది. అది చూసి అతనికి కలుక్కుమంది. కానీ బక్కాయన తలుపుల పీడ విరగడైందన్న సంతోషం ముందు ఆ కలుక్కు ఎక్కువసేపు నిలవలేదు.

అక్కడితో అయిపోయేదే. భార్య నిజాయితీ కొంప ముంచింది. వద్దనుకున్న కారణం చెప్పకపోతే బాగుండదని నర్సమ్మకి ఉన్నదున్నట్టు చెప్పి వచ్చింది. నలభై ఏళ్ళు గాయాలకి కట్లు కట్టిన మనిషి ఆ నర్సమ్మ, కళ్ళారా చూడకుండా దేన్నీ నమ్మదు. వెంటనే బక్కాయనకి కబురు పెట్టి, ఆదివారం పొద్దున మీరూ రండని వీళ్ళనీ పిలిచింది. వడ్రంగి వెళ్ళనంటే ఇంకా అనుమానం. వెళ్ళాడు.

బక్కాయన సుత్తి, సన్నటి ఉలి తెచ్చుకున్నాడు. ఒక్కో గుమ్మాన్నీ పైనుంచి కిందదాకా తట్టుకుంటూ, చెవి పెట్టి విన్నాడు. చెద ఎక్కడుందో చూపించు అని ఒక్క మాట అంటే చాలు, వడ్రంగి పరువు ఆ వరండాలోనే నేలపాలయ్యేది. అనలేదు. వెనక గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని అడుగున ఉలి పొడిచాడు. ఉలి దిగలేదు. అది కనబడేంత దగ్గరలో ఉన్నది వడ్రంగి ఒక్కడే. బక్కాయన తలెత్తి ఒకసారి అతని వంక చూసి, లేచి, నర్సమ్మ వైపు తిరిగాడు.

"తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా. ఇక్కడ కొంచెం పట్టింది. అప్పట్లో కర్ర ఎంచుకోవడంలో నేనే తొందరపడ్డాను. ఈ గుమ్మం నా ఖర్చుతో మార్చి ఇస్తాను."

నర్సమ్మ మొహం చిన్నబోయింది. భార్య మాత్రం, చూశారా మా ఆయన, అన్నట్టు మొగుడి వైపు గర్వంగా చూసింది.

వడ్రంగికి మొదట పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. పనితనం వాడిదే. పేరు వాడిదే. ఆ పేరుని తన కోసం చిటికెలో పారేసుకోగల గుండె కూడా వాడిదేనా? ఇంక తనకి మిగిలేదేమిటి? ఇదొక్కటైనా వాడికి దక్కనివ్వకూడదనుకున్నాడు. బుద్ధి వచ్చి కాదు, ఒట్టి కడుపుమంటతోనే నోరు తెరిచాడు.

"చెద లేదు. ఏ గుమ్మానికీ లేదు. నేనే అబద్ధం చెప్పాను," అన్నాడు. "ఇలాంటి తలుపు నేను చెయ్యలేను. చెయ్యలేనిదాన్ని రోజూ తీసుకుంటూ వేసుకుంటూ బతకడం నా వల్ల కాదనిపించింది."

నర్సమ్మ బక్కాయనని నిలదీసింది, లేని చెద ఉందని నువ్వెందుకన్నావని. బక్కాయన ఉలి సంచిలో పెట్టుకుంటూ, కిందకి చూస్తూ చెప్పాడు.

"నాకు పని నేర్పింది వాళ్ళ నాన్నగారమ్మా. ఆయన కొడుకు మాట నలుగురిలో పోతే నాకు బాగుండదు."

వడ్రంగికి తల తీసేసినట్టయింది. తన మొహం చూసి చేసిన సాయం కూడా కాదన్నమాట. తండ్రి పేరు నిలబెట్టే పని సైతం ఇన్నాళ్ళూ బక్కాయనే చేస్తున్నాడు.

భార్య మొగుడి వైపు చూడనైనా లేదు. ఇల్లు తామే తీసుకుంటామని, రేపే కాగితాలు మాట్లాడుకుందామని నర్సమ్మకి చెప్పేసింది. ఆ తర్వాత బక్కాయన వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, ఆ కిటికీ దగ్గర మిషను కింద వేసుకోడానికి ఒక బల్ల చేయించుకోవాలి. ఏ కర్ర అయితే మంచిదో కాస్త మీరు చెప్పండి."

బక్కాయన తటపటాయించాడు. వడ్రంగి వంక చూశాడు. వడ్రంగి వరండా స్తంభాన్ని చూస్తున్నాడు.

"టేకు అక్కర్లేదమ్మా," అన్నాడు బక్కాయన చివరికి. "వేప చాలు."

వడ్రంగిని అడిగినా అదే చెప్పేవాడు.