కరకట్ట మీద మూడు రౌండ్లు

ఏలూరు స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. అక్టోబరు నెల. వాన ఆగి నాలుగు రోజులైందన్నారు, ఆకాశం మాత్రం ఇంకా నల్లగానే ఉంది. మేము ఇరవై నలుగురు సిపాయిలం. మనిషికొక పార, ఇద్దరికొక గునపం, ఒక వాటర్‌ప్రూఫ్ షీటు, కాళ్ళకు చుట్టుకునే పట్టీలు రెండు జతలు. నా వీపు మీద అదనంగా టెలిఫోను పెట్టె.

మా వీధిలో వాళ్ళు నన్ను సరిహద్దు కొండల గురించి చెప్పమంటారు. అక్కడా ఉన్నాను. నా మీద తుపాకులు పేల్చారు. అవేవీ నా నిద్ర చెడగొట్టలేదు. నిద్ర చెడగొట్టింది కొల్లేరు. మా తాడేపల్లిగూడెం నుంచి ఒక్కరోజు దారి.

లెఫ్టినెంట్ దొర ప్లాట్‌ఫారం మీదే ఆర్డర్లు చదివాడు. మండవల్లి వైపు కరకట్టకు రెండు గండ్లు పడ్డాయి. ఇసుక బస్తాలతో పూడ్చాలి. ఆరు వారాలు. గండికొక పోస్టు, పోస్టుకొక టెలిఫోను. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు గంటగంటకీ ఒక పోస్టు నీటిమట్టం రెండోదానికి చెప్పాలి, రాసి పెట్టాలి. దొర మకాం మండవల్లిలో. రోజు విడిచి రోజు పడవ మీద వచ్చి చూసిపోతాడు.

రోడ్డు ఉన్నంత మేర బండ్లు, ఆపైన తాటిదోనెలు. మధ్యాహ్నం రెండింటికి చేరాం. నాలుగు వైపులా నీళ్ళు, కిక్కిస గడ్డి, గుర్రపుడెక్క. పొడి నేల అంటే కరకట్ట ఒక్కటే. పైన వెడల్పు పదకొండు అడుగులు. దాని మీదే గుడారాలు, వంట, పడక, పాములు. మొదటి వారం కాళ్ళకు పట్టిన జలగల్ని లెక్కపెట్టాం. రెండో వారం లెక్క మానేశాం.

ఒకటో పోస్టుకు పెద్ద, హవల్దార్ ఖాదర్ గారు. ఏలూరు మనిషి, తివాచీలు నేసే కుటుంబం. నలభై నాలుగేళ్ళు. ఒకప్పుడు ఆరేళ్ళపాటు మా పటాలంలో హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. నేను ఆయన దగ్గరే. రెండో పోస్టు, మైలున్నర దూరాన, నాయక్ వీర్రాజు గారిది. గణపవరం దగ్గర రైతు కుటుంబం. నలభై ఏళ్ళు. ఖాదర్ గారి తర్వాత అయిదేళ్ళు ఛాంపియన్ ఈయనే. ఇద్దరూ ఒక్కసారి కూడా తలపడలేదు. వీర్రాజు గారు పైకొచ్చేనాటికి ఖాదర్ గారు సరిహద్దులో ఉన్నారు. తిరిగొచ్చాక ఇక ఆడనన్నారు.

రెండో వారంలో దొర ఒక ఇంగ్లీషు పేపరు తెచ్చి చదివి వినిపించాడు. ఎన్నడూ తలపడని ఇద్దరు ముసలి ఛాంపియన్లు ఎదురుపడి ఉంటే ఎవరు గెలిచేవారో పేపరువాడు రౌండు రౌండుగా ఊహించి రాశాడు. అంతే, మాకు పిచ్చి పట్టింది. ఆ పిచ్చికి ఆద్యుణ్ణి నేనే.

రెండో పోస్టు టెలిఫోను దగ్గర ఉండేవాడు ఏలూరు కుర్రాడు, నా వయసువాడే. వాడు ఖాదర్ గారి పక్షం. నేను గూడెం వాణ్ణి, గణపవరం మాకు పక్కనే, కాబట్టి వీర్రాజు గారి పక్షం. గంటకొక రౌండు. నీటిమట్టం చెప్పాక ఇద్దరం చెరో కారణం చెప్పాలి. కారణం చెప్పలేనివాడు రౌండు ఓడినట్టు. కొత్త చొక్కాలకు కొలతలని అబద్ధం చెప్పి ఇద్దరి చేతులూ సర్వే టేపుతో కొలిచాం. తక్కెడలా పెట్టిన చెక్కపలక మీద కూర్చోబెట్టి రెండోవైపు ఇసుక బస్తాలు వేసి తూచాం. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటూ నవ్వుతూ కూర్చున్నారు పాపం ఇద్దరూ. సంతలో ఎడ్లకైనా మేము అంతకంటే మర్యాద ఇస్తాం.

"మూడడుగుల ఏడంగుళాలు," అనేవాణ్ణి ఫోనులో.

"రాసుకున్నాను. నాలుగో రౌండు. మీ వీర్రాజు గారు రొప్పుతున్నారు."

"ఎందుకు రొప్పుతారు? పొద్దున్నించి బస్తాలు మోస్తూనే ఉన్నారుగా."

"గేదె కూడా మోస్తుందిరా. బాక్సింగ్ ఆడుతుందా?"

మా పోస్టులో వాళ్ళంతా చుట్టూ చేరి వినేవారు. ఖాదర్ గారు కొంచెం ఎడంగా కూర్చుని బూట్లు ఆరబెట్టుకునేవారు. ఆయన గురించి ఆయన ఎదుటే మాట్లాడేవాళ్ళం, చెవులు లేని మనిషన్నట్టు.

మూడో వారం, ఉదయం ఎనిమిది. ఖాదర్ గారు నీటి కొలబద్ద చూసి "రెండడుగులు" అన్నారు. మూడడుగులుంది. వెనక్కి తిరిగి గట్టుకు వేసిన నడక పలక ఎక్కబోయి, పలక లేని చోట ఎడమ కాలు వేసి నడుము లోతు నీళ్ళలో పడ్డారు. నేను చెయ్యిచ్చి లాగాను. ఆయన చెయ్యి వదల్లేదు.

"అబ్బాయ్, ఇది నీలోనే ఉండాలి. ఎడమ కన్ను పోయి ఏడాదైంది. ఇంకో ఎనిమిది నెలలు గడిస్తే పెన్షన్ మీద ఇంటికెళ్తాను. ఈలోగా డాక్టరుకి తెలిసిందో, బయటికి నెట్టేస్తారు."

"నా నోట రాదండీ."

"కుడిది బానే ఉంది. ఒక్క కన్ను చాలు నాకు."

ఆ రోజు నుంచి కొలబద్ద నేనే చదివాను. ఆయనకు ఎడమ పక్కనే నడిచాను. పదహారు రోజులు మాట నిలబెట్టుకున్నాను. గొప్పగా చెప్పుకోవడానికి అంతే ఉంది.

పదిహేడో రోజు, మధ్యాహ్నం పన్నెండు. ఆ రోజు వరసగా నాలుగు రౌండ్లు ఓడిపోయాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. ఖాదర్ గారు దూరంగా గండి దగ్గర ఉన్నారు.

"ఒప్పుకోరా," అన్నాడు వాడు. "ధాన్యం మర పట్టించడం తప్ప మీ గూడెం వాళ్ళకి ఏం తెలుసు?"

నాకు ఒళ్ళు మండింది. ఫోనుకు నోరు ఆనించి, పక్కవాళ్ళకు వినపడకుండా అన్నాను. "మీవాడికి ఎడమ కన్ను కనపడదు. కుడిచేత్తో కొడితే ఆ దెబ్బ వచ్చేదే ఆయనకి తెలీదు. ఎన్ని రౌండ్లు నిలబడతాడు, చెప్పు!"

తర్వాత వినపడిన గొంతు వాడిది కాదు.

"నిజమేనా, అబ్బాయ్?"

వీర్రాజు గారు. మా వాదం వినీ వినీ సరదా పుట్టి ఫోను తానే లాక్కున్నారట. అబద్ధమండీ, ఊరికే అన్నాను అనేస్తే సరిపోయేది. ఆ ఒక్క ముక్కకు ఎంతసేపు పడుతుంది? కానీ రౌండు గెలిచాను కదా, వదులుకోబుద్ధి కాలేదు.

"నిజమేనండీ," అన్నాను.

నవంబరు చివర గండ్లు రెండూ పూడాయి. దొరకు సంతోషం కలిగింది. వంటవాడి ద్వారా మా ఫోను రౌండ్ల ముచ్చట ఆయనకు ముందే తెలుసు. ఊహలెందుకు, ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా, ఆడించి చూద్దామన్నాడు. మూడు రౌండ్లు, రౌండుకు రెండు నిమిషాలు. గ్లవ్స్ మండవల్లి నుంచి తెప్పించాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఖాదర్ గారు ఆడనంటే ఎందుకని అడుగుతారు. అడిగితే డాక్టరు దగ్గరికి పంపుతారు. ఆ మధ్యాహ్నం ఖాదర్ గారు గుడారం వెనక్కి నన్ను పిలిచారు.

"వీర్రాజుకి తెలీదు కదా?"

"తెలీదండీ."

"నువ్వెవరికీ చెప్పలేదుగా?"

"లేదండీ."

"అయితే పరవాలేదు. దూరం నుంచే కొడుతూ మూడు రౌండ్లు గడిపేస్తాను. వాడికి తెలిసుంటే ఏదో నొప్పని చెప్పి ముందే మానేద్దును. తెలీనివాడైతే భయం లేదు," అన్నారు. నా భుజం తట్టి వెళ్ళిపోయారు. అప్పుడైనా నోరు తెరవలేదు. నన్నేమనుకుంటారో అన్న సిగ్గు. ఆయన కన్ను కంటే నాకు నా సిగ్గే ముఖ్యమైంది.

సాయంత్రం నాలుగు. కరకట్ట మీద గడ్డి పరిచి పైన టార్పాలిన్ వేశాం. నాలుగు మేకులు, గుడారపు తాళ్ళు. రెండు వైపులా నీళ్ళలో లంకల వాళ్ళు దోనెలు ఆపుకుని చూస్తున్నారు.

మొదటి రౌండు ఖాదర్ గారిది. ఎడమ చెయ్యి చాచి చాచి కొట్టారు. వీర్రాజు గారి పెదవి చిట్లింది. నలభై నాలుగేళ్ళ ఒళ్ళు ఇరవై ఏళ్ళ నాటి ఆట ఆడింది. ఏలూరు కుర్రాడు గంతులేశాడు. వీర్రాజు గారు కుడి చెయ్యి అసలు వాడలేదు. వాడకూడదనే అనుకున్నారట, తర్వాత వేరేవాళ్ళతో చెప్పారు.

రెండో రౌండు కూడా అలాగే మొదలైంది. వీర్రాజు గారి ముక్కు నుంచి రక్తం. గణపవరం వైపు వాళ్ళంతా తలలు దించుకున్నారు. ఏలూరు కుర్రాడు నా వైపు చూసి గేదెలా అరిచాడు. నాకు ఇంకేమీ కనపడలేదు.

"కుడిచెయ్యండీ, వీర్రాజు గారూ! ఎడమ కంటి వైపు కొట్టండీ!" అని అరిచాను.

ఖాదర్ గారు నా గొంతు గుర్తుపట్టారు. నేను ఆయనకు ఎడమ పక్కన ఉన్నాను. నన్ను చూడాలంటే కుడి కన్ను ఇటు రావాలి. మొహం పూర్తిగా తిప్పారు. చేతులు దిగిపోయాయి. నన్ను చూశారు. వీర్రాజు గారి కుడిచెయ్యి అప్పటికే బయల్దేరింది. అది కుడి కంటి మీద పడింది. ఇంకోటి, అక్కడే. ఇంకోటి. ఒకసారి మొదలుపెట్టాక ఛాంపియన్ చెయ్యి ఆగదు. దొర ఆపేలోపు నాలుగు.

మూడో రౌండు లేదు. దోనెల్లో వాళ్ళు చప్పట్లు కొట్టారు.

వీర్రాజు గారు గ్లవ్స్ పళ్ళతో విప్పుకుని నా దగ్గరికి వచ్చారు. కొడతారనుకున్నాను. "నువ్వు చెప్పావు, నేను కొట్టాను. ఒక కాడికి కట్టిన ఎడ్లం మనిద్దరం," అని వెళ్ళిపోయారు. తర్వాత నాతో మాట్లాడలేదు.

పటాలానికి తిరిగెళ్ళాక కంటోన్మెంటు ఆసుపత్రిలో డాక్టర్లు కుడి కన్నూ పోయిందన్నారు. ఎడమది ఎప్పుడో పోయిందని అప్పుడే బయటపడింది. లోపం దాచాడని పెన్షన్ లేకుండా పంపించారు. ఇంటికి దిగబెట్టి రమ్మని ఆర్డరు నాకు వచ్చింది. నువ్వు ఆ ప్రాంతం వాడివే కదా అన్నారు. రైల్లో ఆయన కళ్ళకు గుడ్డ కట్టు. బెజవాడ దాటాక మొదటిసారి నోరు విప్పారు.

"అది నీ గొంతేనా, అబ్బాయ్?"

"నాదేనండీ."

"సలహా మంచిదే. నేను వీర్రాజు వైపు ఉంటే అదే చెప్పేవాణ్ణి."

తిడితే బాగుండేది. తిట్టలేదు.

ఏలూరులో దిగాం. పగలు పదకొండు గంటలు. జనం. ఆయన భార్య బురఖాలో గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చెయ్యెత్తి చూపించాను, ఆమె ఇటు నడవడం మొదలుపెట్టారు. ట్రంకు పెట్టె దించడానికి ఆయన చెయ్యి ఒక్క క్షణం వదిలాను. బుట్టలవాడొకడు పరుగెత్తుతూ ఆయన్ని ఎడమ పక్క నుంచి రాసుకుని పోయాడు.

ఖాదర్ గారు వెంటనే పిడికిళ్ళు బిగించి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. గడ్డం దించారు. మోకాళ్ళు వంచారు. అక్కడే, ప్లాట్‌ఫారం మధ్యలో, చిన్న చిన్న అడుగులతో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. జనం చోటిచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆమె ఆయన ఎదటికి వెళ్ళి, "నేనండీ," అన్నారు. ఆయన ఎడమ చెయ్యి విసిరారు. ఆమె తల పక్క నుంచి పోయింది. ఆమె వెనక్కి తగ్గలేదు.

"నేనండీ. నేనే," అంటూ ఆయన రెండు మణికట్లూ పట్టుకున్నారు. పిడికిళ్ళు మాత్రం విచ్చుకోలేదు. పిడికిళ్ళు బిగించి ఉన్న ఆ మనిషిని ఆమె అలాగే, వెనక్కి నడుస్తూ, గేటు దాకా నడిపించుకుపోయారు.