బీరువా బాబాయి

మా అచ్చాఫీసులో ఉద్యోగం కావాలంటే డిగ్రీ అక్కర్లేదు, సిఫార్సు అక్కర్లేదు. బీరువా మొయ్యాలి. అది మా మేనేజరుగారి పద్ధతి. అందుకే మేమంతా ఆయన్ని బీరువా బాబాయి అనేవాళ్ళం.

ఇస్త్రీ చొక్కాతో వచ్చిన కుర్రాడు సర్టిఫికెట్లు తియ్యబోతే, "అవి తర్వాత నాయనా. ముందు ఈ బీరువా పక్కగదిలోకి చేర్చాలి, ఓ చెయ్యి వెయ్యి" అనేవాడు. రెండో వైపు పట్టడానికి మాలో ఎవరో ఒకరం బలి. ఇనప బీరువా! దానికి జన్మలో స్థిరనివాసం లేదు. ప్రూఫులు దిద్దుకునే నాకు మాత్రం నడుంనొప్పి స్థిరపడిపోయింది.

"ఇదేం ఇంటర్వ్యూ బాబాయ్?" అని ఓసారి నిలదీశాను.

"నోటితో అడిగితే అందరూ కలిసిమెలిసి పనిచేస్తామనే అంటారమ్మా. బీరువా ఎత్తించు, తెలిసిపోతుంది. ఒకడు 'ఎత్తండి, ఎత్తండి' అని అరుస్తాడు గానీ తను ఎత్తడు. వెనక్కి నడిచేవాడికి 'మెట్టుంది, చూసుకో' అని చెప్పేవాడే మనకి కావలసినవాడు."

మా యజమాని ఇది విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఆయనకు ఆధునిక పద్ధతులంటే ప్రాణం. ఓ శిక్షకుణ్ణి పిలిపించి, మా అందరికీ ఒకే రంగు టీషర్టులు తొడిగించి, కలసికట్టుగా ఉండడం నేర్పడానికి పొద్దస్తమానం బెలూన్లు ఎగరేయించాడు. మర్నాడు బైండరు స్టాప్లరుని మెషీన్‌మన్ ముట్టుకున్నాడని ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు.

అందరినీ మించిన ఘనుడు మా డిజైనరు. పనిలో దిట్ట, కోపం మాత్రం ముక్కు మీదే. ఎవరైనా పక్కనుంచి వెళ్తే తెర మీద పని కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టేవాడు. అట్ట ఎంత కొయ్యాలని బైండరు అడిగితే, "నా పని బొమ్మ వెయ్యడం. కొలతలు చెప్పడం కాదు" అన్నాడు. దాంతో ఓ రచయిత ఫొటో మీసం దాకా తెగిపోయి, పుస్తకం మీద గడ్డం మాత్రం మిగిలింది.

యజమాని గది గోడ పలచన, నా చెవులు చురుకు.

"నెలాఖరుకి వాణ్ణి పంపించెయ్" అన్నాడు యజమాని.

"చంటిపిల్ల తండ్రండీ. నెలాఖరు దాకా నాకు వదిలెయ్యండి" అన్నాడు బాబాయి. తర్వాత గొంతు తగ్గించి ఏమన్నాడో నాకు వినపడలేదు.

ఆ రోజు నుంచి డిజైనరుకు బీరువా సేవ మొదలైంది. ఓ రోజు బైండరుతో, ఓ రోజు మెషీన్‌మన్‌తో.

"రోజూ ఎందుకండీ ఇది?"

"ఆ గదిలో చెమ్మ నాయనా."

మర్నాడు ఈ గదిలో ఎండ. ఆ మర్నాడు మళ్ళీ చెమ్మ. "ముసలాయనకు మతి పోయింది" అని యజమాని అందరి ముందూ అన్నా, బాబాయి నవ్వి ఊరుకునేవాడు. ఉద్యోగం ఊడబోతోందన్న సంగతి డిజైనరు చెవిన పడనివ్వలేదు. నాకైతే జాలేసింది, ఇద్దరి మీదా.

నెలాఖరున యజమాని వచ్చాడు. "ఏం తేల్చావు?"

"చెప్తానండీ. ముందు అటువైపు మీరు ఓ పట్టు పట్టండి."

ఓ వైపు యజమాని, ఓ వైపు డిజైనరు. గుమ్మం దాకా వచ్చేసరికి యజమాని ఫోను మోగింది. ఆయన హాయిగా చెయ్యి వదిలేసి "హలో" అన్నాడు. బీరువా ఆయన మీదికే ఒరిగింది. డిజైనరు బరువంతా తన భుజం మీదికి లాక్కుని, "సార్, వెనక మెట్టుంది, చూసుకోండి! బైండరన్నా, ఇటు పట్టు!" అని కేకేశాడు. గడ్డం పుస్తకం నాటి నుంచి అతనితో మాటల్లేని బైండరు ఒక్క ఉరుకున వచ్చి పట్టాడు. బీరువా క్షేమంగా దిగింది.

డిజైనరు చెమట తుడుచుకుంటూ, "ఈ బీరువా పిచ్చి ఈయనకి ఎప్పుడు వదుల్తుందక్కా?" అని నన్నడిగాడు. బైండరు అతని భుజం నిమురుతున్నాడు.

యజమాని ఇంకా గోడకు అతుక్కునే ఉన్నాడు. "అతను మారకపోతే అతనితో పాటు నువ్వూ పోతానన్నావుగా. బతికిపోయావయ్యా!" అన్నాడు బాబాయితో మెల్లగా.

"అతను పాసయ్యాడండీ."

"మరి నేను?"

బాబాయి ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"మీరు తప్పారండీ. కానీ ఆఫీసు మీదే కాబట్టి, ఉంచుకుందాం."