మావయ్య సిక్ లైన్

మా మావయ్య పోయాడు. ఆ కబురు నాకు టెలిగ్రాంలో రాలేదు, రైల్వే ఫోన్‌లో వచ్చింది. నేను బిలాస్‌పూర్ దగ్గరి కోటాలో బడిపిల్లలకి లెక్కలు చెబుతూంటే కర్గీ రోడ్ స్టేషన్ నుంచి పాయింట్స్‌మన్ సైకిలు మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మేడమ్‌జీ, బిలాస్‌పూర్ సే ఖబర్ హై. ఆప్కే మామాజీ..." అని ఆగిపోయాడు. మిగతాది చెప్పక్కర్లేకపోయింది. పాసింజరు బండి ఎక్కి కూచున్నాక చూసుకుంటే, సుద్దముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని పర్సులో వేసుకున్నాను.

పొద్దున్నే టీ తాగి, ఒళ్ళో పేపరు పెట్టుకుని, కుర్చీలోనే కన్నుమూశాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, తనూ పడలేదు. అందుకని నేనూ ఇది ఏడుస్తూ రాయడం లేదు. ఏడుపుగొట్టు మొహాలంటే ఆయనకి బొత్తిగా గిట్టేది కాదు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి బిలాస్‌పూర్‌లోనే ఉండిపోయాడు. మావయ్య పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేసింది అన్నీ రైల్వే క్వార్టర్లలోనే. ఆయన ట్రైన్ ఎగ్జామినర్. బండి యార్డులోకి రాగానే పొడుగు కాడ సుత్తి పట్టుకుని చక్రం చక్రానికీ ఒక దెబ్బ కొట్టి, ఆ చప్పుడు వింటూ నడిచేవాడు. బాగున్న చక్రం ఖంగుమంటుంది. పగులుంటే మొద్దుగా పలుకుతుంది. అలాంటి వ్యాగన్ మీద సుద్దతో 'సిక్' అని రాసి, బండిలోంచి తప్పించి, పక్కనున్న పట్టాల మీదకి పంపించేస్తారు. ఆ పట్టాల పేరు సిక్ లైన్. రిపేరయ్యాక 'ఫిట్' అని రాసి మళ్ళీ బండికి తగిలిస్తారు.

ఈ రెండు ముక్కలతోనే మావయ్య సంసారమంతా నడిపాడు. జ్వరమొచ్చిన పిల్ల సిక్, పులిసిపోయిన ఇడ్లీపిండి సిక్, మాటలు మానేసిన ఇరుగుపొరుగు సిక్. వాళ్ళు మళ్ళీ పలకరించుకుంటే ఫిట్. చెయ్యి ఊరుకునేది కాదు. కొబ్బరికాయనీ, కొత్త కుండనీ, పుచ్చకాయనీ వేలితో కొట్టి చెవి పెట్టేవాడు. రిజల్ట్స్ వచ్చిన రోజు నా నెత్తి మీద కూడా కొట్టి, "ఏటే, సౌండు మొద్దుగా ఉన్నాది? మళ్ళీ ఇంగ్లీషు పోనాదా?" అనేవాడు. నిజంగానే పోయేది.

కానీ ఎవర్నీ తిట్టేవాడు కాదు. "సిక్కయిన వ్యాగన్‌ని తిడతామేటే? లైను మీంచి తీసి బాగుచేస్తాం," అనేవాడు. ఇప్పుడు నా క్లాసులో అల్లరి పిల్లాడి మీద చెయ్యెత్తబోయినప్పుడల్లా ఆ మాట అడ్డం వస్తుంది.

ఇంత మాటకారికి తెలుగు చదవడం రాదు. బడి అంతా హిందీలో సాగింది. ఆయనొక్కడే కాదు, మా కాలనీలో సగంమంది అంతే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కళ్ళకి మాత్రం హిందీ ఒక్కటే. అత్తది బొబ్బిలి. విశాఖపట్నం నుంచి ఒకరోజు ఆలస్యంగా రైల్లో వచ్చే తెలుగు పేపరుని రోజూ సాయంత్రం అత్త పైకి చదివేది, మావయ్య వింటూ ప్రతి వార్తతోనూ పోట్లాడేవాడు. అత్త పుట్టింటికి వెళ్తే పేపర్లు విప్పకుండానే దొంతరగా పడుండేవి. నేర్చుకోకూడదా అంటే, "ఈ వయసులో ఉడతబొమ్మ పుస్తకం పట్టుకుంటే షెడ్‌లో నవ్వరేటే?" అనేవాడు.

"అలాగయితే మీ షెడ్‌నే పుస్తకంలో పెడతాను," అంది అత్త. అన్నంత పనీ చేసింది. గ అంటే గార్డు. య అంటే యార్డు. ష అంటే షెడ్డు. 'గార్డుగారు పచ్చజెండా ఊపారు' అని ఒక పాఠం. 'ఈ రోజు నాన్నకి డూటీ లేదు' అని ఇంకో పాఠం. కాలనీ పిల్లలకీ పనికొస్తుంది, అచ్చువేసి వేసవి సెలవుల్లో మన ఇంట్లోనే చెబుదాం అంది. "అచ్ఛా! పుస్తకం చేతికొచ్చిన రోజు మొదటి స్టూడెంటుని నేనే," అని మావయ్య అందరి ముందూ మాటిచ్చేశాడు.

ఆ పుస్తకం కోసమే మావయ్య లోను పెట్టి కంప్యూటర్ కొన్నాడు. స్కూటర్ కొంటాడనుకున్న కాలనీ అంతా చూడ్డానికొచ్చింది. విశ్వకర్మ పూజ నాడు దానికి బొట్టు పెట్టి, అరటిపళ్ళు నైవేద్యం పెట్టారు. షాపువాడు ఒక ఫ్లాపీ తీసి, కంప్యూటర్ ఎప్పుడైనా మొరాయిస్తే దీనితోనే మొదలుపెట్టాలి, జాగ్రత్త అని చెప్పాడు. దాని మీద ఏదీ రాయడానికి వీల్లేకుండా మూల ఉన్న చిన్న బిళ్ళని జరిపి మరీ ఇచ్చాడు. మా అత్తకి అందులో వినబడింది 'మొదలు' అన్న మాటొక్కటే. ఆ ఇంట్లో మొదటిదేదయినా దేవుడిదే. పెరట్లో కాసిన మొదటి వంకాయ, కొత్త పచ్చడి మొదటి ముద్ద, అన్నీ ముందు దేవుడి అలమారాలోకే వెళ్తాయి. ఫ్లాపీ కూడా కుంకుమ బొట్టుతో అక్కడికే వెళ్ళింది. ఇక దాని సంగతి అందరం మర్చిపోయాం.

మిగిలిన వానాకాలమంతా, చలికాలం సగం, అత్త ఒక్క వేలితో పాఠాలు కొట్టింది. రోజూ పని అవగానే నాచేత ఫ్లాపీల్లోకి కాపీ చేయించుకునేది. ఆఖరి పాఠాలు మిగిలాయనగా ఒక పొద్దున్న కంప్యూటర్ ఎంతకీ తెరుచుకోలేదు. తెరుచుకున్నాక, పాఠం ఉండాల్సిన చోట పిచ్చిగీతలు. నేనప్పుడు ఊళ్ళో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను. చూడగానే వైరస్ అన్నాను. మావయ్య మొదట తెర మీద వేలితో కొట్టి విన్నాడు. తర్వాత షాపువాడిని పిలిచాడు.

"ఫార్మాట్ మార్నా పడేగా, అంకుల్," అన్నాడు షాపువాడు. అంటే ఉన్నదంతా తుడిచేసి మొదటికి రావడం.

"మరి నా పాఠాలో?" అంది అత్త.

"వో భీ జాయేగా, ఆంటీ. అవీ పోతాయి. ఫ్లాపీల్లో కూడా ఇదే ఉంటుంది, వాటినీ నమ్మకండి."

 అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు కూడా లేదు. మావయ్య వంటింటి గుమ్మం వైపు చూశాడు. ఆయన మొహం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడన్నాడు, "ఫార్మాటూ లేదు, గీర్మాటూ లేదు. దీనికి సిక్ లైన్ వేస్తాను."

మర్నాటికి మంచం పక్కన రెండు బిస్కెట్ డబ్బాలు వెలిశాయి. ఒకటి సిక్, ఒకటి ఫిట్. నేను వైరస్‌ని వెతికి తీసే ఫ్లాపీ ఒకటి తెచ్చిచ్చాను. మావయ్య డ్యూటీ నుంచి రాగానే చేతులు కడుక్కుని కూచునేవాడు. ఫ్లాపీని తీసి, గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, అప్పుడు కంప్యూటర్‌లో పెట్టేవాడు. వైరస్ ఉందంటే సుద్దతో సిక్ అని రాత. తీసేశాక ఫిట్ అని రాత. ఇంట్లోకి ఎవరు ఫ్లాపీతో వచ్చినా గుమ్మంలోనే ఆపేవాడు. పక్క క్వార్టర్ ఆయన కోప్పడి వెళ్ళిపోయినా లెక్కచెయ్యలేదు.

తమాషా ఏమిటంటే, పొద్దున్న ఫిట్ డబ్బాలోకి వెళ్ళిన ఫ్లాపీ సాయంత్రానికి మళ్ళీ సిక్. దానికి మళ్ళీ వైద్యం, మళ్ళీ అదే రోగం. సుద్దముక్కలు అరిగిపోతున్నాయి తప్ప పని ముందుకి సాగదు. ఆ వెతికే ప్రోగ్రాం మొదలైనప్పుడల్లా ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చేది. ఏమంటోందని మావయ్య అడిగితే, కంప్యూటర్ లోపలే ఏదో ఉందంటోంది మావయ్యా అన్నాను.

"లోపలంటే ఇంజనే కదా? ఇంజన్‌తో మనకేటి పని? అది లోకో షెడ్ వాళ్ళ డిపార్ట్‌మెంటు. మనం వ్యాగన్లు చూసుకోవాలి," అని ఏదో ఒక మీట నొక్కి ఆ హెచ్చరికని పంపించేసేవాడు. ఉద్యోగమంతా అంతే చేశాడు మరి. బండి వస్తే ఇంజన్ దగ్గర ఆయన ఎప్పుడూ ఆగలేదు. దాన్ని చూసేవాళ్ళు వేరే ఉన్నారు. బిలాస్‌పూర్‌లో ఇంజన్ మీద చెయ్యివేసిన ట్రైన్ ఎగ్జామినర్‌కి పెద్ద గొడవే అవుతుంది. ఇంటి కంప్యూటర్‌కి లోకో షెడ్ ఎవరూ లేరన్న సంగతి మాత్రం ఆయనకి తట్టలేదు.

అత్త రోజూ అటువైపు రాకుండానే అంతా చూస్తోంది. ఒక ఆదివారం వరండాలో కాలనీ పిల్లకి పేలు దువ్వుతూ అక్కడినుంచే అంది, "ఏటండీ, తల దువ్వీసి మళ్ళీ అదే దిండు మీద పడుకోబెడతన్నారు. దిండు ఉతకరేటి?"

మావయ్య చేతిలో ఫ్లాపీ చేతిలోనే ఉండిపోయింది. నా వైపు చూశాడు, కంప్యూటర్ వైపు చూశాడు. "ఇంజనే అంటిస్తన్నాదేటే?" అన్నాడు నెమ్మదిగా. అవును మరి. లోపల కూచున్న వైరస్, పెట్టిన ప్రతి ఫ్లాపీకీ తిరిగి అంటుకుంటోంది.

ఇప్పుడు కావలసింది ఆ కంప్యూటర్ ఒక్కసారి కూడా ముట్టుకోని, దాన్ని మొదలుపెట్టగల ఫ్లాపీ. దానితో మొదలుపెడితే లోపలి వైరస్ నిద్రలేవదు. ఇంట్లో ఉన్నవన్నీ దానిలోకి వెళ్ళొచ్చినవే. షాపువాడి దగ్గరివి కూడా నమ్మేలా లేవు. అప్పుడు ముగ్గురం ఒకేసారి దేవుడి అలమారా వైపు చూశాం.

ఇచ్చిన మొదటిదాన్ని వెనక్కి తీసుకోవడమా? ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు.  సాయంత్రం నేను ఊళ్ళోకి వెళ్ళి, బిళ్ళ జరిపించిన కొత్త వైద్యం ఫ్లాపీ తెచ్చాను. వచ్చేసరికి అత్త తలంటుకుని, దీపం పెట్టి, అలమారా ముందు నిలబడి ఉంది. "నీకు కొబ్బరికాయ కొడతాను. ఇది కాస్త ఎరువియ్యి," అని దేవుడితో పైకే చెప్పి ఫ్లాపీ తీసింది. కుంకుమని కొంగుతో తుడిచి మావయ్య చేతికిచ్చింది. ఆయన ఈసారి గోటితో కొట్టి వినలేదు. రెండు చేతులతో అందుకున్నాడు.

కంప్యూటర్ పూర్తిగా ఆపి, దేవుడి ఫ్లాపీతో మొదలుపెట్టాం. హెచ్చరిక రాలేదు. కొత్త ఫ్లాపీ పెడితే లోపలి వైరస్ దొరికింది, తీసెయ్యమంటారా అని అడిగింది. మావయ్య లేచి కుర్చీ అత్తకిచ్చాడు. "నువ్వే నొక్కు. నీ పుస్తకం," అన్నాడు. అత్త అదే ఒక్క వేలితో నొక్కింది. తర్వాత ఒక్కొక్క పాఠం తెరుస్తూంటే, య అంటే యార్డు అని నల్లగా, గుండ్రంగా, చెక్కుచెదరకుండా తెర మీదకొచ్చింది. మావయ్య చేతులు జోడించాడు. దేవుడికో, అత్తకో నాకు తెలీదు. ఋ పాఠం ఒక్కటీ పోయింది. దానికి ఎవరూ దిగులుపడలేదు.

వేసవిలో పుస్తకం వచ్చింది. వరండాలో పిల్లల వరసలో, అందరికంటే ముందు, యూనిఫాంలోనే మావయ్య కూచున్నాడు. వేలు ఒక్కొక్క అక్షరం మీద ఆన్చి, చదివి, అది సరిగ్గా పలికిందో లేదో తల పక్కకి వాల్చి వినేవాడు. పిల్లలు నవ్వితే తనూ నవ్వేవాడు. దసరాకల్లా పేపరు పెద్దక్షరాలు పట్టాడు. రిటైరై యార్డుకి దగ్గర్లోనే సిర్గిట్టి వైపు చిన్న ఇల్లు కట్టుకున్నాక పేపరు చదవడం ఆయన వంతయింది, పోట్లాడటం అత్త వంతయింది. ఇంతకంటే సుఖంగా ఉన్న జంటని నేను చూడలేదు.

మొన్న పెద్దకర్మ అయిపోయాక అత్త దీపం పెడుతూ నన్ను పిలిచింది. అలమారాలో, ఆనాడు కొబ్బరికాయ కొట్టి మావయ్య దేవుడికి తిరిగి ఇచ్చేసిన ఆ ఫ్లాపీ. దాని మీద సుద్దతో తెలుగులో 'ఫిట్' అని రాసుంది. పుస్తకం పూర్తి చేసిన రోజు ఆయన తనంతట తను రాసిన మొదటి మాట అదేనట. మొదటిది గనక ఇక్కడే ఉంది. సుద్ద వెలిసిపోతోంది.

నా పర్సులో కోటా బడి సుద్దముక్క ఇంకా ఉంది. తీశాను. "దిద్దనా అత్తా?"

"వద్దులేయే. ఆయన రాసినంత మటుకే ఉండనీ," అంది.

గాలి యార్డు వైపు నుంచి వీస్తోంది. బండి ఏదో వచ్చినట్టుంది, చక్రాల మీద సుత్తి దెబ్బలు ఒకదాని తర్వాత ఒకటి వినబడుతున్నాయి. అత్త అగ్గిపుల్ల గియ్యకుండా పట్టుకుని, తల పక్కకి వాల్చి, ఆఖరి చక్రం దాకా విని, అప్పుడు దీపం వెలిగించింది.