పద్నాలుగో నంబరు చెప్పులు

మే నెలలో ఒక సోమవారం, ఉదయం ఐదు నలభైకి అశోక్ నగర్‌లో రిపోర్టు చేశాను. కాచిగూడలోని నా గది నుంచి నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా నడిచే వచ్చాను. పదిహేడేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా బయటికొచ్చినవాణ్ణి. సెక్యూరిటీ ఏజెన్సీ ఇచ్చిన పోస్టింగు నలభై ఒక్క రోజులు. సామాను ఈల, లాఠీ, వాకీటాకీ, రిజిస్టరు.

మూడంతస్తుల ప్రార్థనా మందిరం. అటూ ఇటూ కోచింగ్ హాస్టళ్లు. ఆ సందులో ఎవరిని కదిపినా కాబోయే డిప్యూటీ కలెక్టరే. మందిరం లోపల మాత్రం ముప్పై ఆరు మంది మౌన దీక్షలో ఉన్నారు. వాళ్ల గురువును పెద్దయ్య అంటారు. ఆయన ఎక్కడో వేరే ఊళ్లో ఉంటాడు. నలభై ఒక్క రోజుల్లో నేనాయన్ని చూడలేదు. ఆజ్ఞలన్నీ మందిరం మేనేజరు నోటి నుంచే వచ్చేవి.

దీక్షకు వచ్చినవాళ్లు గేటు దగ్గర నాకు చెప్పులు అప్పగించాలి. నేను ఇత్తడి టోకెన్ ఇచ్చి, చెప్పులు ఇనుప ర్యాకులో పెట్టి తాళం వెయ్యాలి. పెద్దయ్య మాట వస్తేనే తిరిగివ్వాలి. గేటుకు మాత్రం తాళం లేదు, ఉత్త గొళ్లెం. అదేంటని మొదటి రోజే అడిగాను.

"గేటుకెందుకు హవల్దార్, ర్యాకుకుంది కద" అన్నాడు మేనేజరు.

నాకు నవ్వొచ్చింది. అప్పుడు నవ్వాను కూడా.

టోకెన్ పద్నాలుగు ఒక టీచరమ్మ. చిక్కడపల్లిలోనే ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. గోధుమరంగు చెప్పులు, పట్టీకి రాగి బకిల్. తొమ్మిదో రోజు ఆమె కూతురు గేటు దగ్గరికి వచ్చింది. అమ్మకు షుగరని, పాదాలకు స్పర్శ పోయిందని, మేకు దిగినా తెలియదని చెప్పింది. చెప్పుల్లేకుండా అడుగు వేయొద్దని డాక్టరు అన్నాడట.

"లోపలికి నన్ను పంపకు అన్నా. జర ఆ చెప్పులొక్కటి అమ్మకియ్యి. గంతే."

వాకీటాకీ సెట్టులో మేనేజరుకు చెప్పాను. జవాబు ఒక్క ముక్క. "ఆజ్ఞ లేదు."

నేను అదే ముక్క ఆ పిల్లకు చెప్పాను. మిలిటరీలో చేసినవాడివి, నీకు వీళ్లంటే భయమేంది అని అడిగింది. భయం కాదు. అది ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. మీకైనా చెప్పగలనో లేదో.

సైన్యంలో ఉండగా మంచు కొండల మీది పోస్టులో రోజూ సాయంత్రం నాలుగింటికి బంకరులో సాక్సులు విప్పి కాళ్లు చాపేవాళ్లం. సెక్షన్ కమాండరు టార్చి వేసి, మంచుకు చచ్చుబడిందేమోనని ఒక్కొక్క వేలూ నొక్కి చూసేవాడు. చలికి సాక్సు విప్పడమంటే మాకు చచ్చే చిరాకు. ఒక సాయంత్రం నేను గొణిగాను. "నీ కాళ్లు నీవి కావు, నావి" అన్నాడాయన. ఆరు నెలల్లో మా బంకరులో ఒక్క వేలు కూడా పోలేదు. అప్పటి నుంచి ఆర్డరంటే నాకు నమ్మకం. పైన ఎవరో మన కాళ్ల సంగతి చూస్తున్నారన్న ధీమా. చదువుకున్నవాళ్లు అలా ఎట్లా నమ్ముతారని మీరు మందిరం వాళ్ల గురించి అడుగుతారు. నేనూ అట్లాగే నమ్మాను.

ఇరవై రెండో రోజు, పదకొండు గంటల పది నిమిషాలు. గేటు పక్క తులసి కుండీలకు నీళ్లు పోయడానికి టీచరమ్మ వచ్చింది. చుట్టూ ఎవరూ లేరు. నా మనసు ఊరుకోలేదు. గొళ్లెం చూపించాను.

"అమ్మా, గేటుకు తాళం లేదు. ఇల్లు రెండు సందుల అవతలే కద. మీరు పోతే నేను ఆపను."

ఆమె గేటు చూసింది. ర్యాకు చూసింది. మెల్లగా అంది.

"పెద్దయ్య చెప్పలేదు కద బిడ్డా."

మౌనం ఆమెకు అక్కడ తప్పింది. నేను చేసిన పాపం దాని తర్వాతది. రిజిస్టరులో రాశాను. 11.10, టోకెన్ 14, మాట్లాడినది. డ్యూటీలో జరిగింది జరిగినట్టు రాయడం పదిహేడేళ్ల అలవాటు. నేను ఆమెతో అన్న మాట మాత్రం రాయలేదు.

సాయంత్రం మేనేజరు రిజిస్టరు చదివాడు. మౌనం తప్పినందుకు మర్నాడు టీచరమ్మకు ఆజ్ఞ వచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకు మేడ మీద ఇరవై ఒక్క ప్రదక్షిణలు. లెక్కపెట్టేది నేను.

ఆ ఎండకు నా బూటు అడుగే వేడెక్కింది. ఆమె చేతులు జోడించి నడిచింది. మొహంలో బాధ లేదు, నిజానికి సంతోషంగా ఉంది. తొమ్మిదో చుట్టుకు సిమెంటు మీద తడి మరక కనిపించింది. పాదాలు పరీక్ష చేయించుకున్నవాణ్ణి, అదేంటో నాకు తెలుసు. సెట్టు నొక్కాను.

"పద్నాలుగు కాలు బొబ్బలెక్కి పగిలింది సార్. ఆపమంటరా?"

"పూర్తి కానియ్యి."

పది అన్నాను. పదకొండు అన్నాను. ఇరవై ఒకటి దాకా అన్నాను.

ముప్పయ్యో రోజు పొద్దున ఆమె ఊడుస్తూ పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఎడమ పాదం నల్లబడి వాసన వస్తోంది. పెద్దయ్య ఫోను ఎత్తడం లేదు, ఆగు అన్నాడు మేనేజరు. నలభై నిమిషాలు ఆగాను. తర్వాత గొళ్లెం తీసి ఆమెను ఎత్తుకుని ఆటో ఎక్కాను. మిగిలిన ముప్పై అయిదు మంది వరండాలో నిలబడి చూశారు. ఒక్కరూ గేటు దాటలేదు. నేను ఎత్తాల్సింది ఇరవై మూడో రోజున. ఆ సంగతి ఆటోలోనే అర్థమైంది.

ఆస్పత్రిలో ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. స్పృహ వచ్చాక ఆమె కూతురితో అన్న మొదటి మాట నేను విన్నాను.

"ఇంక పదకొండు రోజులున్నయి. అవి ఎప్పుడు చెయ్యమంటరో పెద్దయ్యను అడుగు."

నన్ను ఎవరూ పనిలోంచి తీసెయ్యలేదు. నేనూ మానెయ్యలేదు. మర్నాడు ఐదు నలభైకి రిపోర్టు చేశాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నలభై ఒకటో రోజు మాట వచ్చింది. ముప్పై అయిదు మందీ టోకెన్లు ఇచ్చి, చెప్పులు కళ్లకద్దుకుని వెళ్లారు. అందరూ పోయాక టీచరమ్మ కూతురు వచ్చి పద్నాలుగో టోకెన్ నా చేతిలో పెట్టింది. చెప్పుల జత తీసిచ్చాను. ఆమె నా వైపు చూడలేదు.

"కుడిదొక్కటి చాలు అన్నా."

రెండోది ర్యాకులోనే పెట్టి వెళ్లిపోయింది.

తాళంచెవి మేనేజరుకు అప్పగించి, వచ్చిన దారినే చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా కాచిగూడకు నడిచాను. గది తలుపు తీస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది. మేనేజరుకు తాళంచెవి ఇచ్చే ముందు, లోపల ఆ ఒక్క ఎడమ చెప్పు, దాని మీద బొటనవేలి గుర్తు కనిపిస్తుండగానే, నేను ర్యాకుకు తాళం వేశాను. వెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు.